విండోస్‌లో రాసి లైనక్స్‌లో నడిపే వెబ్ ప్రాజెక్టు: ఫైల్ పాత్‌లకు ఏ పద్ధతి ఎంచుకోవాలి?

అనంతపురం, కర్నూలు, కడప, ఎక్కడ చూసినా వెబ్ ప్రాజెక్టులు చేసేవాళ్ల పరిస్థితి దాదాపు ఒకటే. కాలేజీ ల్యాబ్‌లో విండోస్, ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనూ విండోస్. టీమ్‌లో ఒకరిద్దరి దగ్గర ఉబుంటు, అరుదుగా ఒక మ్యాక్. చివరికి సైట్ నడిచేది మాత్రం అద్దెకు తీసుకున్న లైనక్స్ సర్వర్ మీద. ఇన్ని మెషీన్ల మధ్య ఒకే కోడ్ తిరుగుతుంటే ముందుగా దెబ్బతినేవి సెట్టింగ్స్ ఫైల్‌లో రాసిన పాత్‌లే, అంటే ఫైలో ఫోల్డరో ఎక్కడుందో చెప్పే చిరునామాలే. టెంప్లేట్లు ఎక్కడున్నాయి, అప్‌లోడ్ చేసిన ఫొటోలు ఏ ఫోల్డర్‌లోకి పోవాలి, డేటాబేస్ ఫైల్ ఏది, లాగ్ ఎక్కడ రాయాలి అని చెప్పే నాలుగైదు లైన్లు అవి. ఫైనల్ ఇయర్ రివ్యూ ముందురోజు రాత్రి పిల్లలు పడే టెన్షన్‌లో సగం ఈ లైన్ల దగ్గరే ఉంటుంది.

నా సిఫార్సు ముందే చెప్పేస్తాను. పైథాన్, దాని వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో వాడేవాళ్లు పాత్‌లిబ్‌తో (పైథాన్‌తోనే వచ్చే పాత్‌ల లైబ్రరీ), సెట్టింగ్స్ ఫైల్ ఉన్న చోటి నుంచి లెక్కకట్టి పాత్‌లు రాయండి. నిజంగా మెషీన్‌కో రకంగా మారేవి ఏమైనా ఉంటే వాటిని మాత్రమే ఎన్వ్ ఫైల్‌లో (ఆ మెషీన్‌కే చెందిన విలువలు రాసుకునే చిన్న ఫైల్) పెట్టండి. మిగతా పద్ధతులకూ వాటి చోటు వాటికుంది. అయితే ఏది ఎప్పుడు విఫలమవుతుందో తెలిశాకే ఎంచుకోవాలి.

పూర్తి పాత్ ఉన్నదున్నట్టు రాయడం

అందరూ మొదట చేసేది ఇదే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో అడ్రస్ బార్ నుంచి పాత్ కాపీ చేసి సెట్టింగ్స్‌లో అతికిస్తారు. ఆ మెషీన్‌లో బాగానే నడుస్తుంది. పక్కవాడి ల్యాప్‌టాప్‌లో యూజర్ పేరు వేరు కాబట్టి నడవదు. సర్వర్‌లో సి డ్రైవే ఉండదు కాబట్టి అక్కడ ఆశే వద్దు.

పైథాన్‌లో ఇంకో చిక్కు ఉంది, దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఊరికో ఫోల్డర్ పెట్టి ఫొటోలు దాచే సైట్ అనుకోండి. ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉన్నాయి, పాత్‌లో ప్రతి ఊరి పేరుకూ ముందు ఒక బ్యాక్‌స్లాష్ (\) ఉంది. కడప ఫోల్డర్ తెరుచుకుంటుంది. ధర్మవరం, గుంతకల్లు, పెనుకొండ, హిందూపురం కూడా తెరుచుకుంటాయి. నంద్యాల దగ్గరికి వచ్చేసరికి ఫైల్ దొరకడం లేదంటుంది. మామూలు పైథాన్ స్ట్రింగ్‌లో (కొటేషన్ల మధ్య రాసే అక్షరాల వరస) బ్యాక్‌స్లాష్ పక్కన ‘ఎన్’ వస్తే అది కొత్త లైన్ గుర్తు. తాడిపత్రిలోని ‘టి’ ట్యాబ్ అయిపోతుంది. రాయచోటిలో ‘ఆర్’ క్యారేజ్ రిటర్న్, బద్వేలులో ‘బి’ బ్యాక్‌స్పేస్, ఆదోనిలో ‘ఏ’ బెల్ క్యారెక్టర్, వేంపల్లెలో ‘వి’ వర్టికల్ ట్యాబ్ అవుతాయి. ఉరవకొండ అయితే ప్రోగ్రామ్ మొదలు కూడా కాదు. బ్యాక్‌స్లాష్, చిన్న ‘యు’ కలిసి వస్తే ఆ వెంటనే నాలుగు హెక్సాడెసిమల్ అంకెలు ఉండాలని పైథాన్ నియమం. అవి లేకపోతే సింటాక్స్ ఎర్రర్. పెద్ద ‘యు’కు ఎనిమిది అంకెలు కావాలి. విండోస్‌లో మన ఫైళ్లన్నీ ఉండే యూజర్స్ ఫోల్డర్ పేరు పెద్ద ‘యు’తోనే మొదలవుతుంది. డెస్క్‌టాప్ నుంచి పాత్ కాపీ చేసిన ప్రతివాళ్లకూ ఆ యూనికోడ్ ఎర్రర్ ఎదురయ్యేది అందుకే.

కడప, ధర్మవరం పనిచేశాయి కదా అని వాటినీ నమ్మకండి. ‘కె’, ‘డి’ ముందు బ్యాక్‌స్లాష్‌కు పైథాన్‌లో ప్రత్యేక అర్థం లేదు కాబట్టి ప్రస్తుతానికి అలాగే వదిలేస్తోంది. అలాంటివి రాస్తే 3.6 వెర్షన్ నుంచి డిప్రికేషన్ వార్నింగ్ ఇస్తూ వచ్చింది. 3.12 నుంచి దాన్ని అందరికీ కనబడే సింటాక్స్ వార్నింగ్‌గా మార్చింది. ముందు ముందు ఎర్రర్‌గా మార్చాలన్నదే వాళ్ల ఉద్దేశం.

దీనికి మూడు విరుగుళ్లు ఉన్నాయి. ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుసార్లు రాయడం, స్ట్రింగ్ ముందు ‘ఆర్’ పెట్టి, బ్యాక్‌స్లాష్‌ను ఉన్నదున్నట్టు తీసుకునే రా స్ట్రింగ్ చేయడం, లేదా ఫార్వర్డ్ స్లాష్ (/) వాడటం. వీటిలో మూడోదే మేలు. రా స్ట్రింగ్‌లో చివరి అక్షరంగా ఒంటరి బ్యాక్‌స్లాష్ పెట్టలేం, ఆ సంగతి సరిగ్గా ఫోల్డర్ పాత్‌ల దగ్గరే అడ్డొస్తుంది. ఫార్వర్డ్ స్లాష్ విండోస్‌లో పనిచేయదేమో అని చాలామందికి అనుమానం. పనిచేస్తుంది. పైథాన్, పీహెచ్‌పీ, నోడ్ మూడింటి నుంచీ ఫైల్ తెరిచేటప్పుడు విండోస్ దాన్ని మామూలుగానే తీసుకుంటుంది. పాత జాంగో ప్రాజెక్టుల సెట్టింగ్స్ ఫైల్‌లో, విండోస్‌లో కూడా ఫార్వర్డ్ స్లాషే వాడమని కామెంట్ రాసి మరీ ఇచ్చేవాళ్లు.

ఇంతకీ విండోస్‌కు ఈ తిరుగు గీత ఎలా వచ్చింది? 1981 నాటి ఎంఎస్-డాస్ మొదటి వెర్షన్‌లో సబ్ ఫోల్డర్లే లేవు, ఫార్వర్డ్ స్లాష్‌ను కమాండ్ల ఆప్షన్లకు వాడేశారు. 1983లో రెండో వెర్షన్‌లో ఫోల్డర్లు తెచ్చేసరికి ఆ గుర్తు ఖాళీగా లేదు, బ్యాక్‌స్లాష్ తీసుకున్నారు. నలభై ఏళ్లు దాటినా ఆ నిర్ణయం మన సెట్టింగ్స్ ఫైళ్లలో కనిపిస్తూనే ఉంది.

ఫార్వర్డ్ స్లాష్‌తో రాసినా పూర్తి పాత్ పూర్తి పాతే, ఇంకో మెషీన్‌కు పోదు. ఒక్క మెషీన్‌లో, ఒక్కరే, ఒక్కసారి నడిపే చిన్న స్క్రిప్టుకు ఇది చాలు. టీమ్ అంతా కోడ్ దాచి పంచుకునే గిట్‌లోకి ఎక్కే ఏ ప్రాజెక్టుకూ పనికిరాదు.

పొట్టి పాత్: కనబడని ప్రమాదం

సరే, డ్రైవ్ పేరూ యూజర్ పేరూ తీసేసి ‘మీడియా’ అనో, డేటాబేస్ ఫైల్ పేరు మాత్రమే అనో రాస్తే? నా లెక్కలో ఇది పూర్తి పాత్ కంటే ప్రమాదం. పూర్తి పాత్ తప్పితే వెంటనే ఎర్రర్ వస్తుంది. ఇది తప్పినప్పుడు ఒక్కోసారి ఏ ఎర్రరూ రాదు.

పొట్టి పాత్‌ను కంప్యూటర్ చదివేది మీ ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి కాదు, ప్రోగ్రామ్‌ను ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపారో అక్కడి నుంచి. అనంతపురంలో దారి చెప్పేటప్పుడు ‘ఇక్కడి నుంచి రెండో సందు ఎడమకు’ అంటే అడిగిన మనిషి ఎక్కడ నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఊరు మారిపోతుంది. ‘టవర్‌క్లాక్ నుంచి’ అని మొదలుపెడితే ఎవరైనా చేరతారు. పాత్‌లకూ అలాంటి కదలని గుర్తు ఒకటి కావాలి.

అది లేకపోతే ఏమవుతుందో ఎస్‌క్యూలైట్‌లో (మొత్తం ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్) బాగా తెలుస్తుంది. మీ టెర్మినల్‌లో ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉండి సర్వర్ నడుపుతారు, అంతా బాగుంటుంది. తర్వాత సర్వర్‌లో రోజూ రాత్రి నడిచేలా క్రాన్‌లో ఒక పని పెడతారు. క్రాన్ మామూలుగా యూజర్ హోమ్ ఫోల్డర్ నుంచి నడుస్తుంది. అక్కడ డేటాబేస్ ఫైల్ లేదు. ఎస్‌క్యూలైట్ స్వభావం ఏమిటంటే, ఫైల్ లేకపోతే ఖాళీది ఒకటి సృష్టించేస్తుంది. అప్పుడు ‘అలాంటి టేబుల్ లేదు’ అనే మెసేజ్ వస్తుంది, మీరేమో మైగ్రేషన్లలో (టేబుళ్లు తయారుచేసే ఫైళ్లు) తప్పుందని వెతుకుతూ కూర్చుంటారు. నిజానికి డేటా క్షేమంగానే ఉంది, ప్రోగ్రామ్ ఇంకో ఫైల్ తెరిచింది. అదే సైట్‌ను లైనక్స్ తానే నడిపేలా సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెట్టి, ఏ ఫోల్డర్ నుంచి నడవాలో (వర్కింగ్ డైరెక్టరీ) చెప్పకపోతే అది అన్నిటికంటే పైనుండే రూట్ ఫోల్డర్ నుంచి మొదలవుతుంది. మామూలు యూజర్ పేరుతో నడుస్తుంటే అక్కడ రాసే అనుమతి లేక డేటాబేస్ ఫైల్ తెరవలేనంటుంది. రెండు వేర్వేరు ఎర్రర్లు, కారణం ఒకటే.

ఓఎస్ పాత్ జాయినా, పాత్‌లిబ్బా?

ఈ రెండూ పైథాన్‌లో పాత్‌లు కట్టే పద్ధతులు, ఆ కదలని గుర్తును ఇచ్చేవే. సెట్టింగ్స్ ఫైల్ తాను డిస్క్‌లో ఎక్కడుందో తానే కనుక్కుంటుంది, అక్కడి నుంచి రెండు మెట్లు పైకెక్కి ప్రాజెక్టు ఫోల్డర్‌ను పట్టుకుంటుంది. దానికి జాంగోలో బేస్_డిర్ అని పేరు. టెంప్లేట్లు, స్టాటిక్, మీడియా, డేటాబేస్ అన్నీ దాని కిందే వస్తాయి. ప్రాజెక్టును డి డ్రైవ్‌లో పెట్టినా, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లినా, సర్వర్‌లో హోమ్ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసినా ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు.

ఓఎస్ పాత్ జాయిన్ పాతది, అన్ని పైథాన్ వెర్షన్లలోనూ ఉంది. పాత్‌లిబ్ 2014లో పైథాన్ 3.4తో వచ్చింది. జాంగో 2020లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచి కొత్త ప్రాజెక్టుల సెట్టింగ్స్‌ను పాత్‌లిబ్‌తోనే తయారుచేసి ఇస్తోంది. ఫలితంలో రెండింటికీ తేడా లేదు, చదవడంలో ఉంది. పాత పద్ధతిలో ప్రాజెక్టు ఫోల్డర్ పట్టుకోవడానికి డిర్‌నేమ్ లోపల డిర్‌నేమ్, దాని లోపల యాబ్స్‌పాత్ అని బ్రాకెట్లలో బ్రాకెట్లు పెట్టుకుంటూ పోవాలి, లోపలి నుంచి బయటికి చదవాలి. పాత్‌లిబ్‌లో ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోవచ్చు: ఈ ఫైల్, దాని అసలు చోటు, దాని పేరెంట్, ఆ పేరెంట్‌కు పేరెంట్. ఆ తర్వాత బేస్_డిర్ / 'మీడియా' అని రాస్తే చాలు. మధ్యలో ఉన్న గీత చూడటానికి ఫార్వర్డ్ స్లాషే అయినా అది కలిపే గుర్తు మాత్రమే. విండోస్‌లో నడిస్తే పాత్‌లోకి బ్యాక్‌స్లాష్ అదే పెట్టుకుంటుంది.

కొత్త ప్రాజెక్టుకు పాత్‌లిబ్ తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. పాత ప్రాజెక్టు ఓఎస్ పాత్ జాయిన్‌తో సవ్యంగా నడుస్తుంటే మాత్రం దాన్ని మార్చాలని తొందరపడకండి. పాత జాంగో వెర్షన్లలో, కొన్ని పాత లైబ్రరీల్లో స్ట్రింగ్ ఆశించే చోట పాత్ ఆబ్జెక్ట్ ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. అలాంటి చోట స్ట్రింగ్‌గా మార్చి ఇవ్వాలి. పనిచేస్తున్న కోడ్‌లో అందం కోసం ఆ రిస్క్ అవసరం లేదు.

రెండింటికీ ఉమ్మడిగా రెండు గుంతలున్నాయి. మొదటిది, రెండో ముక్క ముందు స్లాష్ పెట్టడం. బేస్_డిర్‌కు '/మీడియా' కలిపితే ప్రాజెక్టులోని మీడియా రాదు. ముందు స్లాష్ ఉంటే అది పూర్తి పాత్ అని అర్థం కాబట్టి, అప్పటిదాకా ఉన్న భాగమంతా పక్కకు పోతుంది. లైనక్స్‌లో నేరుగా రూట్ కింద మీడియా ఫోల్డర్‌ను, విండోస్‌లో డ్రైవ్ మొదట్లో ఉన్నదాన్ని వెతుకుతుంది. రెండోది, సెట్టింగ్స్‌ను విడగొట్టడం. ప్రాజెక్టు పెరిగాక చాలామంది సెట్టింగ్స్ అనే ఫోల్డర్ చేసి, లోపల డెవలప్‌మెంట్‌కు ఒక ఫైల్, ప్రొడక్షన్‌కు ఒక ఫైల్ పెడతారు. మంచి పద్ధతే. కానీ ఫైల్ ఒక మెట్టు లోపలికి పోయింది కాబట్టి పేరెంట్‌లు రెండు కాదు, మూడు కావాలి. ఇది మర్చిపోతే టెంప్లేట్ లేదు, డేటాబేస్ ఖాళీ అని అన్ని సమస్యలూ ఒకేసారి మొదలవుతాయి.

ఎన్వ్ ఫైల్ ఎప్పుడు?

ప్రాజెక్టు ఫోల్డర్ బయట ఉండే వాటికి. సర్వర్‌లో మీడియా వేరే డిస్క్ మీద ఉండొచ్చు, లాగ్‌లు సిస్టమ్ లాగ్ ఫోల్డర్‌లోకి పోవచ్చు, పీడీఎఫ్ చేసే ప్రోగ్రామ్ ఒక్కో మెషీన్‌లో ఒక్కో చోట ఇన్‌స్టాల్ అయి ఉండొచ్చు. వీటిని బేస్_డిర్ నుంచి లెక్కకట్టలేం. ఎన్వ్ ఫైల్‌లో పెట్టి, అందులో లేకపోతే బేస్_డిర్ కింద ఉన్నదే వాడుకునేలా సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ఇవ్వండి. అప్పుడు కొత్తగా టీమ్‌లో చేరినవాళ్లు ఎన్వ్ ఫైల్ లేకుండానే ప్రాజెక్టు నడుపుకోగలరు.

ఎన్వ్‌లో కూడా విండోస్ పాత్‌ను ఫార్వర్డ్ స్లాష్‌తోనే రాయండి. ఒకే లైన్‌లో చాలా పాత్‌లు ఇవ్వాల్సి వస్తే విండోస్ వాటిని సెమీకోలన్‌తో విడదీస్తుంది, లైనక్స్ కోలన్‌తో. సి పక్కన కోలన్ ఉండే విండోస్‌లో రెండోది కుదరదు. ఎన్వ్ ఫైల్ గిట్‌లోకి పోకూడదు, ఖాళీ విలువలతో ఒక నమూనా ఫైల్ మాత్రం పోవాలి. అయితే అన్ని పాత్‌లనూ ఎన్వ్‌లోకి తోసేయడం సరికాదు. టెంప్లేట్ ఫోల్డర్ ఎక్కడుందో కోడ్‌కు తెలిసే వీలున్నప్పుడు ఆ భారం మనుషుల మీద వేయకూడదు.

అందరూ లైనక్స్‌లోనే పనిచేస్తే పోలా?

ఇదీ మంచి దారే. విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుని ఉబుంటు నడపొచ్చు, లేదా ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన లైనక్స్ వాతావరణంతో కలిపి నడిపే డాకర్ వాడొచ్చు. సర్వర్‌లో ఉన్న పరిస్థితే ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది కాబట్టి తప్పులు ముందే బయటపడతాయి. జీతాలిచ్చి నడిపే టీమ్‌కు, క్లయింట్ సైట్లు చూసే ఆఫీసుకు ఇది తప్పకుండా చెప్తాను. స్టూడెంట్ టీమ్‌కు మాత్రం వెంటనే చెప్పను. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో డాకర్, బ్రౌజర్, ఎడిటర్ కలిపి తెరిస్తే మెషీన్ కదలదు. కాలేజీ ల్యాబ్‌లో ఇన్‌స్టాల్ చేసే అనుమతే ఉండదు.

డబ్ల్యూఎస్ఎల్ వాడేవాళ్లు ప్రాజెక్టును సి డ్రైవ్‌లో ఉంచి లైనక్స్ వైపు నుంచి తెరవకండి. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకే క్లోన్ చేయండి. రెండు ఫైల్ సిస్టమ్‌ల మధ్య తిరగడం వల్ల వేగం బాగా తగ్గిపోతుంది. అదీగాక, డబ్ల్యూఎస్ఎల్‌లో పనిచేసినా పాత్‌లిబ్ అవసరం తీరదు. వర్కింగ్ ఫోల్డర్ సమస్య లైనక్స్‌లోనూ ఉంటుంది.

ఏ పద్ధతీ కాపాడలేనివి

స్లాష్ గురించి ఇంత మాట్లాడుకున్నాం గానీ, సర్వర్‌కు ఎక్కించాక ఎక్కువగా ఏడిపించేది పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా. విండోస్‌లోనూ, మామూలు సెట్టింగ్‌తో ఉన్న మ్యాక్‌లోనూ ఆ తేడా పట్టదు. లైనక్స్‌లో పడుతుంది.

ధర్మవరం పట్టుచీరల షాపుకు సైట్ చేస్తున్నారనుకోండి. షాపువాళ్లు కెమెరాతో ఫొటోలు తీసి ఇస్తారు. చాలా కెమెరాలు ఫైల్ పేరు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో పెడతాయి. మీరు టెంప్లేట్‌లో అలవాటుగా చిన్న అక్షరాల్లో రాస్తారు. ల్యాప్‌టాప్‌లో ప్రతి చీరా కనబడుతుంది. సర్వర్‌లో పెట్టి షాపు ఓనర్‌కు లింక్ పంపితే ఆయన ఫోన్‌లో అన్నీ విరిగిన బొమ్మలే. పాత్ సరిగ్గానే ఉంది, బేస్_డిర్ సరిగ్గానే ఉంది, తేడా మూడు అక్షరాల సైజులో ఉంది. ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టాలని మొదటిరోజే నియమం పెట్టుకోండి. తర్వాత సరిదిద్దాల్సి వస్తే ఎక్స్‌ప్లోరర్‌లో రీనేమ్ చేయకండి. విండోస్‌లో గిట్ ఆ మార్పును మామూలుగా గుర్తించదు, కమిట్‌లోకి రాదు. గిట్ ఎంవీ కమాండ్‌తో మార్చండి.

యూఆర్‌ఎల్‌కూ ఫైల్ పాత్‌కూ తేడా కలిపేయకండి. మీడియా రూట్ అనేది డిస్క్ మీద చోటు, మీడియా యూఆర్‌ఎల్ బ్రౌజర్ అడిగే అడ్రస్. యూఆర్‌ఎల్‌లో ఎప్పుడూ ఫార్వర్డ్ స్లాషే. దాన్ని ఓఎస్ పాత్ జాయిన్‌తో కట్టారంటే విండోస్‌లో బ్యాక్‌స్లాష్ వచ్చి చేరుతుంది.

తెలుగులో ఫైల్ పేర్లు పెట్టాలనుకునే వాళ్లకు ఒక మాట. మైదుకూరు అన్న పేరునే తీసుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, లైనక్స్‌కు మాత్రం రెండు వేర్వేరు ఫైళ్లు. పాత మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసి దాచేది. అక్కడి నుంచి వచ్చిన ఫైల్ మీ డేటాబేస్‌లో ఉన్న పేరుతో కలవదు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు పెట్టే కనబడని జాయినర్ గుర్తులదీ ఇదే బాధ. తెలుగు పేరును డేటాబేస్‌లో శీర్షికగా పెట్టి, ఫైల్‌కు ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ వాడండి. యూజర్లు తెలుగు పేర్లతో అప్‌లోడ్ చేస్తుంటే దాచే ముందు యూనికోడ్ నార్మలైజేషన్ (అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చడం) చేయండి.

లాగ్, బ్యాకప్ ఫైళ్ల పేర్లలో టైమ్ పెట్టేటప్పుడు కోలన్ వాడొద్దు, విండోస్ ఒప్పుకోదు. ప్రాజెక్టును ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా లోతుగా పెట్టొద్దు కూడా. విండోస్‌లో పాత్ పొడవుకు మామూలు హద్దు 260 అక్షరాలు, నోడ్ ప్రాజెక్టుల్లో లైబ్రరీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ దాన్ని సులువుగా దాటేస్తుంది.

పైథాన్ కాకపోతే

పీహెచ్‌పీలో డిర్ అనే మ్యాజిక్ కాన్‌స్టాంట్ 5.3 వెర్షన్ నుంచి ఉంది. దాని వెనక ఫార్వర్డ్ స్లాష్‌తో మిగతా పాత్ రాస్తే విండోస్‌లోనూ నడుస్తుంది. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారవెల్‌లో బేస్ పాత్, స్టోరేజ్ పాత్ ఫంక్షన్లు ఉన్నాయి, అవే వాడండి. నోడ్‌లో డిర్‌నేమ్, పాత్ జాయిన్ జంట సరిపోతుంది. కొత్త మాడ్యూల్ పద్ధతిలో పాత డిర్‌నేమ్ ఉండదు, ఇటీవలి నోడ్ వెర్షన్లలో ఇంపోర్ట్ మెటా కింద దొరుకుతుంది. గ్లాబ్ ప్యాటర్న్‌లలో (నక్షత్రం గుర్తుతో చాలా ఫైళ్లను ఒకేసారి పట్టే రాత) మాత్రం విండోస్‌లో ఉన్నా ఫార్వర్డ్ స్లాషే రాయాలి.

ఉన్న ప్రాజెక్టును మార్చాలంటే

అంతా ఒకేసారి తిరగరాయొద్దు. ఎడిటర్‌లో మొత్తం ప్రాజెక్టులో సి కోలన్, డి కోలన్, యూజర్స్ అని వెతకండి. వచ్చిన వాటిలో ముందుగా డేటాబేస్ లైన్, ఆ తర్వాత మీడియా మార్చండి, మిగతావి ఆగినా ఫర్వాలేదు. మార్చాక సైట్‌ను ప్రాజెక్టు ఫోల్డర్ నుంచి కాకుండా ఇంకేదో ఫోల్డర్‌లో ఉండి, జాంగో కమాండ్లు నడిపే మేనేజ్ ఫైల్‌ను పూర్తి పాత్‌తో పిలిచి నడపండి. అప్పుడూ టెంప్లేట్లు, ఫొటోలు, డేటా అన్నీ వస్తే వర్కింగ్ ఫోల్డర్ మీద ఆధారపడటం పోయినట్టే.

చివరగా డేటాబేస్ లోపల కూడా చూడండి. సొంతంగా అప్‌లోడ్ కోడ్ రాసుకున్న ప్రాజెక్టుల్లో ఫొటో కాలమ్‌లో సి డ్రైవ్ నుంచి పూర్తి పాత్ దాచి ఉంటుంది. మీడియా ఫోల్డర్ పేరు దాకా ఉన్న ముందు భాగం తీసేసి, మిగిలినదాన్ని ఫార్వర్డ్ స్లాష్‌తో దాచాలి. పాత్‌లిబ్‌లో యాజ్ పాసిక్స్ అనే మెథడ్ ఈ పనికే ఉంది. అది నడిపే ముందు డేటాబేస్ ఫైల్‌ను పక్కన ఒక కాపీ తీసి పెట్టుకోండి.